గౌడెంటియస్ కుడి చెవి

ఈ సంగతి జరిగేనాటికి నేను రెండు వందల పైచిలుకు ఆత్మలను గీసి ఉన్నాను. అన్నీ ఆడవాళ్లే. అన్నింటికీ ఒకటే ముఖం.

ఇందులో నా తప్పు సగమే. రోమ్ బయట ఓస్టియా బాట పక్కన నేల కింద సొరంగాలు తవ్వి తమ వాళ్లను పూడ్చుకునే ఈ క్రైస్తవ సంఘం వాళ్ల పద్ధతే అది. పోయినవాడు కమ్మరి కావచ్చు, కసాయి కావచ్చు, ఛాతీ నిండా వెంట్రుకలున్న పడవ సరంగు కావచ్చు. సమాధి గూడు మీద వాడి ఆత్మను గీయాలంటే మాత్రం, తలమీద ముసుగు వేసుకుని రెండు చేతులూ పైకెత్తి ప్రార్థన చేస్తున్న పడుచుపిల్లను గీయాలి. ఎందుకలాగ అని సంఘపెద్ద ఒప్టాటస్ గారిని మొదట్లో ఒకసారి అడిగాను. "ప్రభువు ఎదుట ప్రతి ఆత్మా పెళ్లికూతురే నాయనా" అన్నారు. ఈ సంగతి పడవ సరంగుకి ముందే చెప్పారా అని అడగబోయి, పని పోతుందని ఊరుకున్నాను.

నేను వాళ్లలో వాణ్ణి కాను. ఈ పనిలోకి రాకముందు పదిహేనేళ్లు రోమ్‌లో కలవారి భోజనాల గదుల్లో ద్రాక్షతీగలూ నెమళ్లూ వేసుకుంటూ బతికాను. ఆ నెమళ్లనే ఇక్కడా వేస్తున్నాను. అక్కడ నెమలి అంటే నెమలి. ఇక్కడ నెమలి అంటే చావులేని జీవం. చేప అంటే రక్షకుడు, లంగరు అంటే ఆశ, పావురం అంటే శాంతి. గొర్రెను భుజాన వేసుకున్న కాపరిని తోట గోడ మీద వేస్తే పల్లెటూరి బొమ్మ బాగుందనేవారు. అదే కాపరిని ఈ నేల కింద వేస్తే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నా చెయ్యి మారలేదు, రంగులు మారలేదు. వెలుతురు మాత్రం తగ్గింది.

ఇక ముఖం సంగతి. ఆత్మ ముఖం ఎలా ఉంటుందో ఒప్టాటస్ గారు చెప్పలేదు, నేనూ అడగలేదు. తడి గార మీద బొమ్మ వేయడమంటే తీరిగ్గా ఆలోచించుకునే పని కాదు. సాయంత్రానికి గార ఆరిపోతుంది, ఆరాక వేసిన రంగు నిలవదు. చేతికి ఏది అలవాటైతే అదే పడుతుంది. నా చేతికి అలవాటైన ఆడముఖం, ఒక నూనె వర్తకుడి ఇంట్లో ఐదుసార్లు వేసిన వీనస్ దేవిది. ఆ ముఖానికే ముసుగు కప్పాను. మెడలో ముత్యాల దండ కూడా అలాగే ఉండిపోయింది. దీన్ని నేను ఎవరితోనూ అనలేదు. ఒక దేవతను తిట్టుకుంటూ బతికేవాళ్లకు ఆమెనే రెండు వందల సార్లు గీసిచ్చానని ఎవడు చెప్పుకుంటాడు?

ఇలా సాగుతుండగా గౌడెంటియస్ పోయాడు.

గౌడెంటియస్ ఓస్టియా రేవు నుంచి నగరానికి కంచరగాడిదల మీద సరుకు తోలే మనిషి. నేను చూడలేదు గాని, వాడి గురించి వినని వాళ్లు లేరు. బట్టతల, బొడ్డు దాకా గడ్డం, వీధి చివర మాట్లాడితే నాలుగో అంతస్తులో వినపడే గొంతు. కుడి చెవి సగమే ఉండేది. ఫుల్వియా అనే కంచరగాడిద పై సగం కొరికేసింది. దాని మీద కోపం లేకపోగా, తిరనాళ్లకు దాని మెడలో పూలదండ వేసేవాడట. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు.

భార్య ఫెలికులా అదే వారం మేడమెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుని మంచం మీద ఉంది. పూడ్చడానికి రాలేకపోయింది. ఇక్కడ గూళ్లు తవ్వే ఉర్సాకియస్ ఆమెకు దూరపు బంధువు. వాడే ఇద్దరు పట్టేలా గూడు తవ్వి, ఒక పక్కన గౌడెంటియస్‌ను పడుకోబెట్టి, రెండో పక్క ఫెలికులాకు ఖాళీ ఉంచాడు. గూడు పైన కమాను మధ్యలో నేను మామూలుగా చేతులెత్తిన పిల్లను వేశాను. దాని పక్కన, మనకు కుడివైపున, కాపరిని వేయాలి గాని, ఆ రోజుకు సున్నం అయిపోయింది. మళ్లీ చూద్దామని వదిలేశాను.

ముప్పయ్యో రోజున పోయినవాళ్ల దగ్గర కూర్చుని భోంచేయడం వాళ్ల ఆచారం. ఆ రోజు ఉర్సాకియస్ ఫెలికులాను వీపు మీద మోసుకుంటూ మెట్లు దిగాడు. ఆమె ఒడిలో బుట్ట ఉంది. రొట్టె, జున్ను, ఉడకబెట్టిన శనగలు, ద్రాక్షసారా కూజా. పక్క గూటి దగ్గర నేను ముక్కాలిపీట ఎక్కి, యోనా ప్రవక్తను మింగిన చేపకు పళ్లు దిద్దుకుంటున్నాను.

ఉర్సాకియస్ దీపం ఎత్తి పట్టాడు. ఫెలికులా కమాను కేసి చూసింది.

"ఇదెవరు?" అంది.

"గౌడెంటియస్, పిన్నీ."

"గౌడెంటియస్ నాకు తెలుసురా. ఇదెవరని అడుగుతున్నా."

"అదే పిన్నీ, ఆయన ఆత్మ."

ఆమె వాడి వీపు మీద నుంచే మెడ చాచి చూసింది. "ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేశాను. ఆ మనిషికి మెడ ఉందనే నాకు తెలీదు. ముత్యాల దండ ఎక్కడ వేసుకున్నాడు?"

"పైకి కాదు పిన్నీ. లోపల."

"లోపల ఇది ఉండేదా?"

"అందరి లోపలా ఉంటుందట."

"నాతో ఒక్కసారైనా అనలేదే" అంది ఫెలికులా.

నేను చేప పళ్ల మీద మరీ శ్రద్ధ పెట్టాను. తర్వాత ఆమె గొంతు మారింది. "ఒరేయ్, వారానికి మూడు రోజులు ఓస్టియా దారిలోనే ఉండేవాడు. ఎనిమిదో మైలురాయి దగ్గర పూటకూళ్ల ఇల్లు ఉంది చూడు, అక్కడ వడ్డించే మనిషికి ఇదే ముక్కు."

"నువ్వు చూశావా పిన్నీ?"

"నేనెక్కడ చూస్తాను? ముక్కు బాగుంటుందని ఒకసారి ఆయనే అన్నాడు. నన్ను దించు. దించి పెద్దయ్యగారిని పిలుచుకురా. దీని ఎదురుగా కూచుని నేను శనగలు తింటానా?"

ఉర్సాకియస్ ఆమెను నా ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, అంటే నన్ను దింపి, పైకి పరిగెత్తాడు.

ఫెలికులా బుట్ట మూత తీయలేదు. చిన్న మనిషి, ముందు పన్ను ఒకటి లేదు, కళ్ల కింద సంచులు. బొమ్మకేసే చూస్తూ చీరకొంగులాంటి తన ముసుగు అంచును వేలికి చుడుతోంది. ఏడుస్తోందని తెలుసుకోవడానికి నాకు కొంత సేపు పట్టింది, ఎందుకంటే చప్పుడు లేదు. పని చెప్పడానికి వచ్చేవాళ్ల ఏడుపులు నాకు అలవాటే. కాని ఇది చావు ఏడుపు కాదు. పోయినవాడు ఏ పాపం ఎరగడు, వాడి మీద పడిన నింద నా కుంచెది.

"అమ్మా" అన్నాను. "అది పూటకూళ్ల మనిషి కాదు. వీనస్."

"ఎవరూ?"

"వీనస్ దేవి. నాకు వచ్చిన ఆడముఖం అదొక్కటే."

ఆమె నాకేసి చూసి, బొమ్మకేసి చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. మెల్లగా నవ్వడం మొదలెట్టింది. "వీనసా. పోనీలే. మా ఆయన మొహానికి అంత రాత ఎక్కడిది." నవ్వు ఆగాక సొరంగం పొడుగునా చూసింది. "ఇక్కడున్న వాళ్లందరికీ అదేనా?"

"అందరికీ."

"పాత పెద్దయ్యగారికి కూడా?"

"ఆయనకు ముత్యాల దండ తీసేశాను" అన్నాను.

ఇంతలో ఒప్టాటస్ గారు వచ్చారు. బక్కపల్చటి మనిషి, మంచివారు. ఏ వస్తువు కనపడ్డా దానికి ఒక అర్థం దొరికేదాకా నిద్రపట్టని జాతి. ఆత్మ ఎందుకు స్త్రీయో, చేతులెత్తడం ఎందుకో, ముసుగు ఎందుకో వరసగా చెప్పారు. ఫెలికులా అంతా విన్నది.

"అర్థమైంది అయ్యా. గడ్డం వేయించండి."

"ఆత్మకు గడ్డం ఉండదమ్మా."

"ఆయన ఆత్మకు ఉంటుంది. మీకు తెలీదు."

"అమ్మా ఫెలికులా, ఇవి గుర్తులు. పోలిక ముఖ్యం కాదు."

అప్పుడామె గొంతులో ఎకసెక్కం పోయింది. "అయ్యా, ఆ రోజున బూర ఊదుతారు, అందరం లేస్తాం అంటారు కదా. నేను ఈ గూట్లోంచే లేస్తాను. పక్కకు తిరిగి చూస్తే ఈ పిల్ల ఉంటుంది. ఈయన ఏడీ అని నేను ఎవర్ని అడగాలి? రేపు నా మీద కూడా ఇదే పిల్లను వేస్తారు. ఇద్దరం లేచి ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటే ఒకటే మొహం. ఆయనకు నేను తెలీను, నాకు ఆయన తెలీడు. అంత జనంలో చెరో దారినా పోతాం. పోయేటప్పుడే మంచం మీదుండి చూసుకోలేకపోయాను. అప్పుడైనా గుర్తు పట్టొద్దా?"

ఉర్సాకియస్ దీపం వత్తి సర్దే పనిలో పడ్డాడు. నేను కడిగిన కుంచెనే మళ్లీ కడిగాను. ఒప్టాటస్ గారికి కూడా ఏదో అయింది గాని, ఆయనకు ఏదైనా అయితే వెంటనే గుర్తుల జాబితాలోకి వెళ్లిపోతారు.

"గడ్డం కుదరదు గాని, పక్కన ఏదైనా గుర్తు వేయిద్దాం. చేప?"

"చేప తింటే ఆయనకు ఒళ్లంతా దద్దుర్లు."

"లంగరు?"

"పడవెక్కితే వాంతులు. అందుకే కదా కంచరగాడిదలు తోలుకున్నాడు."

"పావురం. శాంతికి."

"మా కింది అంతస్తు వాళ్లను అడగండి, ఏం శాంతో చెప్తారు. అయ్యా, ఆ ఫుల్వియాను వేయించండి. దాని పక్కన ఎవరున్నా ఆయనే అనుకుంటాను."

ఒప్టాటస్ గారు కళ్లు మూసుకుని గ్రంథమంతా వెతికారు. "గాడిద ఉంది. ప్రభువు ఎక్కినది. గుర్రాలు ఉన్నాయి. కంచరగాడిద అంటే, రాజు కొడుకు ఒకడు దాని మీద పోతూ చెట్టుకు జుట్టు చిక్కుకుని చచ్చాడు. మంచి గుర్తు కాదు."

"ఈయనది బట్టతల. ఆ భయం లేదు."

ఆయన వినలేదు. నా వైపు తిరిగి, "కాపరిని ఇంకా వేయలేదుగా ట్రోఫిమస్, అది వేసెయ్" అన్నారు. ఆమెతో, "కాపరి ప్రభువు. ఆయన భుజాల మీద గొర్రె ఉంటుంది చూడమ్మా, అది కూడా గౌడెంటియస్ ఆత్మే" అన్నారు.

"పిల్లా ఆయనే, గొర్రే ఆయనేనా?"

"రెండూ."

"ఒక్క మనిషిగా ఉంటేనే మా గదిలో పట్టేవాడు కాదు" అంది ఫెలికులా. తర్వాత కొంచెం ఆలోచించి, "గొర్రెకు చెవులుంటాయి కదూ?" అని అడిగింది.

"ఉంటాయి."

"అయితే నాకింకేం వద్దు అయ్యా."

ఆమెకు ఓదార్పు దొరికిందనుకుని ఒప్టాటస్ గారు సంతోషంగా వెళ్లిపోయారు. ఆ చెవుల ప్రశ్న ఎందుకో నాకూ తోచలేదు.

రెండు రోజుల తర్వాత కాపరి కోసం గార పూశాను. అది నున్నబడేలోపే ఫెలికులా ఉర్సాకియస్ వీపు మీద దిగింది, బుట్టతో సహా. ముక్కాలిపీట మీద కూర్చుంది. పని చేస్తుంటే ఎదురుగా కూర్చుని చూసే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆమె చూసి ఊరుకోలేదు కూడా.

కాపరి వరకు ఏమీ అనలేదు. గొర్రె తల వేస్తుండగా, "కుడి చెవి సగమే వెయ్యి. పై సగం లేనట్టు" అంది. గొర్రె చెవి ఒకటి తెగితే లోకానికి నష్టమేమిటని వేసిచ్చాను. "కళ్లు ఇంకా చిన్నవి. నిద్ర లేచినట్టు." సరే. "పొట్ట కొంచెం." సరే. "ఇంక గడ్డం."

"గొర్రెకు గడ్డం ఉండదమ్మా."

"వీనస్‌కు ముత్యాల దండ ఉంటుంది" అంది ఆమె, ఎటో చూస్తూ.

గడ్డం వేశాను. పొడుగ్గా వేయమంది, వేశాను. గడ్డం పెట్టాక గొర్రె గొర్రెగా ఉండదన్న సంగతి, కుంచె కడుక్కుని వెనక్కి జరిగి చూసేదాకా నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ల పనివాణ్ణి. కాపరి భుజాల మీద కాళ్లు వేలాడేసుకుని, తెగిన చెవితో, మొగుడి కళ్లేసుకుని ఒక ముసలి మేకపోతు కూర్చుంది.

ఫెలికులా దాన్ని చాలాసేపు చూసింది. "వచ్చావా" అంది. బుట్ట మూత తీసింది. రొట్టె తుంచి, నాకూ ఉర్సాకియస్‌కూ కొంత ఇచ్చి, తను తింటూ మేకను తిట్టడం మొదలెట్టింది. కిటికీ తలుపు బాగుచేయకుండా పోయాడట. ఫుల్వియాను ఎవరికి అప్పజెప్పాలో చెప్పలేదట. నేను వచ్చేలోపు అక్కడెక్కడా చేప తినకు అని చివర్లో చెప్పింది. ఆ నెలలో ఆమె కడుపు నిండా తినడం అదే మొదటిసారి అని ఉర్సాకియస్ తర్వాత నాతో అన్నాడు.

ఆదివారం నాడు ఒప్టాటస్ గారు చూశారు. అప్పుడు ఫెలికులా అక్కడే ఉంది, నేనూ ఉన్నాను.

"మేక" అన్నారు.

"గొర్రే అయ్యా" అన్నాను.

"గడ్డం ఉంది."

"ముసలి గొర్రె."

ఆయనకు కోపం రాలేదు. భయం వేసింది. గోడకు చెయ్యి ఆనించి, ఫెలికులా వైపు తిరిగారు. "ఏం చేశావమ్మా. ఆ రోజున ప్రభువు గొర్రెలను కుడివైపున, మేకలను ఎడమవైపున నిలబెడతాడు. ఎడమవైపుకు పోయిన వాళ్లకు నిప్పే. ఆ మనిషి తాగినా అరిచినా మంచివాడే. నువ్వే మేకను చేసి పెట్టావు."

ఫెలికులా ముఖం పాలిపోయింది. ఈ కుడిఎడమల సంగతి ఆమె విన్నదే, గడ్డం హడావుడిలో గుర్తు రాలేదు. గడ్డం పోతే మనిషి పోతాడు, గడ్డం ఉంటే నిప్పుల్లో పోతాడు.

ఉర్సాకియస్ మంచి మనసుతో ఒక మాట అన్నాడు. "అయ్యా, మేక ఎడమవైపు ఎక్కడుంది? తల కాపరి కుడి భుజం మీదుంది కదా."

ఒప్టాటస్ గారు ఆగారు. "మన కుడా, కాపరి కుడా?"

మన వైపు నుంచి చూస్తే ఆ తల ఎడమకే ఉంది. కాపరి వైపు నుంచి కుడి. తేల్చడానికి ఉర్సాకియస్ గోడకు వీపు ఆనించి కాపరిలాగా నిలబడ్డాడు. ఒప్టాటస్ గారు వాడి ఎదురుగా నిలబడి ఒక చెయ్యి ఎత్తారు, దించారు, రెండోది ఎత్తారు. కాసేపటికి ఇద్దరికీ తమ కుడిచెయ్యి ఏదో అనుమానం వచ్చింది. చివరికి లెక్కకు ప్రభువు కుడే కుడి అని తేలింది.

"అయితే గెలిచాం" అన్నాడు ఉర్సాకియస్.

"తల వరకే. వెనక కాళ్లు ఎడమ భుజం మీదున్నాయి" అన్నారు ఒప్టాటస్ గారు దిగులుగా. "ముందు సగానికి రక్షణ, వెనక సగానికి నిప్పు అని గ్రంథంలో ఎక్కడా లేదు. రేపు సున్నం కొట్టించేద్దాం."

"సున్నం కొడితే ఆయన మళ్లీ పోయినట్టే" అంది ఫెలికులా. చిన్న గొంతుతో అంది. "అయ్యా, కాపరి అంత దూరం మోసుకొచ్చి, ఎడమకు పంపేస్తాడా?"

"వేరు చేసే రోజు అదమ్మా. ఎవరూ అడ్డం రాలేరు."

ఆమె తల వంచుకుని కూర్చుంది. ఒప్టాటస్ గారు వెళ్లడానికి తిరిగారు. అప్పుడు ఆమె, "ఆ పిల్ల మొహం తీసేయించండి" అంది.

"ఏ పిల్ల?"

"ఆ ముత్యాల పిల్ల. అక్కడ నా మొహం వేయించండి. ఒక చెయ్యి ఎత్తే ఉంచండి, ప్రార్థనకు. రెండో చెయ్యి ఇటు చాపి, మేక చెవి పట్టించండి."

ఆయన నోరు తెరిచారు. ఆమె ఆగలేదు. "ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఎటు పోబోయినా ఆ మిగిలిన సగం చెవి పట్టుకునే ఇంటికి తెచ్చాను. సారాకొట్టు నుంచి తెచ్చాను, కొట్లాటల్లోంచి తెచ్చాను. ఆ రోజు మాత్రం వదిలేస్తానా? ఎడమకు తిప్పితే చెవి నా చేతిలో ఉంటుంది. లాగుతాను. రాకపోతే ఆయనతో పాటు నేనూ పోతాను. అప్పుడు గుర్తుపట్టే బాధ ఉండదు."

"అమ్మా, అది గౌడెంటియస్ ఆత్మ. దానికి నీ మొహం ఎలా వేస్తాం?"

"ఆత్మ ఆడదే ఉండాలన్నారు కదా. నేను ఆడదాన్నే. ఇన్నేళ్లు ఆయన లోపల ఎవరన్నా ఆడది ఉంటే అది నేనే అయ్యుండాలి. కాదంటే ఎవరో మీరే చెప్పండి."

ఒప్టాటస్ గారు దీపం తీసుకుని సొరంగం చివరిదాకా నడిచారు, మేం చీకట్లో కూర్చున్నాం. తిరిగి వచ్చేటప్పటికి ఆయన నడక తేలికపడింది. అర్థం దొరికిందన్నమాట. "సంఘం ఒక స్త్రీ" అన్నారు. "దారి తప్పబోయే వాణ్ణి చెవి పట్టుకుని ఆపుతుంది. ఇది బాగానే ఉంది. ఇది చాలా బాగుంది." ఆపై నా వైపు తిరిగి, "మేకే ఉండాలి" అని గట్టిగా చెప్పారు, ఎవరో గొర్రెను వేయబోతున్నట్టు.

ఆరిన గార మీద రంగు నిలవదు కాబట్టి, వీనస్ ముఖం ఉన్నంత మేర, ఎడమచేయి ఉన్న చోటి నుంచి మేక చెవి దాకా ఉలితో చెక్కేశాను. కొత్త గార పూశాను. ఫెలికులా ఎదురుగా పీట మీద కూర్చుని ఒక చెయ్యి పైకెత్తింది. రెండో చేతికి ఏదో ఒక చెవి కావాలి కదా, ఉర్సాకియస్ చెవి పట్టుకుంది. "మెల్లగా పిన్నీ" అంటూ వాడు పూటంతా వంగి నిలబడ్డాడు. చేతిలో పట్టు సడలితే బొమ్మలోనూ సడలుతుందని ఆమె ఒప్పుకోలేదు. సాయంత్రానికి వాడి చెవి నా దగ్గరున్న ఎర్రమట్టి రంగుకు వచ్చింది.

ముఖం వేయడం నాకు కష్టమైంది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి వేసి ఎన్నేళ్లయిందో. చెయ్యి రెండుసార్లు వీనస్ వైపే పోయింది. కళ్ల కింద సంచులు వేశాను, నోట్లో లేని పన్ను కూడా కనపడేలా వేశాను. ముత్యాల దండ తీసేయనా అని అడిగితే, "ఉండనీ" అంది. "ఆయన కొనిపెట్టాడంటే నమ్ముతారు."

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఫెలికులా పోయింది. ఉర్సాకియస్ ఆమెను ఎప్పటిలాగే వీపు మీద మోసుకుంటూ దించాడు. వేరే పాడె వద్దన్నాడు. మెట్ల మీద మెల్లగా దిగుతూ, అలవాటు కొద్దీ, "తల జాగ్రత్త పిన్నీ" అన్నాడు. గౌడెంటియస్ పక్కన ఖాళీలో పడుకోబెట్టాడు. నేను ఆ సంఘం మనిషిని కాను, ఏడవవలసిన పని లేదు. ఏడ్చాను.

పూడ్చాక ఒప్టాటస్ గారు ఆ బొమ్మ కింద నిలబడి చాలాసేపు బోధించారు. ఎత్తిన చెయ్యి విశ్వాసం, చాచిన చెయ్యి కరుణ, ముత్యాలు పుణ్యకార్యాలు, లేని పన్ను లోకసుఖాలను వదులుకోవడం. తెగిన చెవి దగ్గర కొంచెం తడబడి, వినీ వినని మానవజాతి అన్నారు. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "వేసేటప్పుడే నీకు ఇదంతా తోచిందా ట్రోఫిమస్?" అని అడిగారు. తోచింది అన్నాను.

ఇప్పుడు ఆ గూడు ముందు జనం ఆగుతున్నారు. భర్తలు పోయిన ఆడవాళ్లు వచ్చి మేక చెవి ముట్టుకుంటారు. మగవాళ్లు కూడా, ఎవరూ చూడకుండా. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు. ముట్టుకోగా ముట్టుకోగా ఏడాదికోసారి చెవి రంగు చెరిగిపోతుంది. నేను వెళ్లి అంత మేర చెక్కి, గార పూసి, మళ్లీ వేస్తాను. నా ముఖాల పని కూడా మారింది. పోయిన మనిషి ఎలా ఉండేవాడని ఇంటివాళ్లను విసిగించి చంపుతున్నాను. వీనస్‌ను మరెక్కడా వేయలేదు.

పోయిన నెల ఒప్టాటస్ గారి తర్వాత వచ్చిన కొత్త పెద్ద చూడటానికి దిగాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు. బొమ్మ బాగుందని మెచ్చుకుని, "ఎలాగూ చెవి కొత్తగా వేస్తున్నావు కదా, ఆ తెగిన భాగం కూడా కలిపి పూర్తిగా వేసెయ్. చూడ్డానికి నిండుగా ఉంటుంది" అన్నాడు.

సరేనన్నాను. అతను మెట్లెక్కి వెళ్లేదాకా ఆగి, ఎప్పటిలాగే సగం చెవి వేశాను. ఆ రోజున ఆమె లేచి చూసుకునేటప్పటికి చేతిలో నిండు చెవి ఉంటే, పరాయివాడిదనుకుని వదిలేస్తుంది.